ద్రాక్ష వద్దన్నారు

పోయినవారం మనం కోడల్ని మెట్ల కింద వదిలేసి వచ్చాం. పట్టపగలు. గిన్నెలు తోముతున్నదల్లా కొళాయి కట్టేసి, తడిచేతులు అలాగే పట్టుకుని, మేడమీద నుంచి దిగుతున్న అడుగులు వింటోంది. ఒక అడుగు పడుతుంది. ఆగుతుంది. గోడకి అరచెయ్యి రాసుకుంటున్న చప్పుడు. చిన్న మూలుగు. మళ్ళీ ఇంకో అడుగు. ఆ ఇంట్లో అలా మెట్లు దిగిన మనిషి ఒక్కరే, అత్తగారు. ఆవిడ పోయి ఏడాది దాటింది.

దిగుతున్నది ఎవరో చెప్పకుండా వారంపాటు ఆపినందుకు నన్ను తిట్టుకున్నవాళ్ళు తిట్టుకునే ఉంటారు. సరే, చెప్పేస్తున్నాను. మెట్ల మలుపులోంచి బయటికి వచ్చింది మామగారు.

కోడలికి ముందు ప్రాణం లేచివచ్చింది. ఆ వెంటనే గుండె జారిపోయింది. దెయ్యమే అయితే ఒకసారి కెవ్వుమని అరిచి ఊరుకునేది. నిన్నమొన్నటిదాకా రెండేసి మెట్లు ఒక్క అంగలో దిగే మనిషికి, పోయిన భార్య నడక ఎలా వచ్చింది?

"కాళ్ళు లాగేస్తున్నాయమ్మా. వయసు మీద పడిందిగా" అని నవ్వి, ఆయన గోడ పట్టుకునే పెరట్లోకి వెళ్ళిపోయారు.

కొత్తగా చదువుతున్నవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పాలి. అత్తగారికి రక్తంలో కొవ్వు ఎక్కువైందని రాత్రిళ్ళు వేసుకునే మాత్ర రాశారు. రోజుకి ఒక్కటి. డబ్బాలోంచి తీసి చేతిలో పెట్టేది కోడలు. కొన్నాళ్ళకి ఆవిడ తొడలు పట్టేశాయి, మెట్లు కష్టమయ్యాయి, చివరికి మూత్రం నల్ల కాఫీ రంగులోకి తిరిగింది. ఒంట్లో కండ కరిగిపోయి, ఆ చెత్త వెళ్ళి మూత్రపిండాలకి అడ్డం పడిందన్నారు ఆసుపత్రిలో. మందు మోతాదు మించినట్టుంది, రోజుకి ఎన్ని వేశారు అని అడిగారు. అప్పుడు ఆ వరండాలో, అందరి ముందూ, కోడలు అన్న మాట ఇది.

"నేను ఒక్కటే ఇచ్చాను. ఒట్టు. ఒక్కటే."

ఎవరూ నమ్మలేదు. అయిపోయిన మాత్రల అట్టలు ఎప్పటికప్పుడు చెత్తలో పారేసే అలవాటు ఆమెది. ఆ శుభ్రతే ఆమె కొంప ముంచింది. చూపించడానికి ఒక్క ఖాళీ అట్ట కూడా మిగల్లేదు. పెళ్ళి పొసగక పుట్టింటికి వచ్చేసిన ఆడపడుచు చిట్టి, తల్లి పోయిన మర్నాడే మందుల డబ్బాకి తాళం వేసి, తాళంచెవి గొలుసుకి గుచ్చి మెడలో వేసుకుంది. చుట్టాలు కోడలికి "ఒక్కటమ్మ" అని పేరు పెట్టారు. ఆమె గదిలోకి వస్తే మాట మార్చేవాళ్ళు, వెళ్ళగానే మళ్ళీ అందుకునేవాళ్ళు. భర్త మాత్రం ఏమీ అనలేదు. ఏడాదిగా ఏమీ అనలేదు. పక్కన పడుకున్న మనిషి ఏమీ అనకపోవడం కంటే నాలుగు తిట్లు తిట్టడమే నయమని ఆమెకి చాలాసార్లు అనిపించింది.

ఇప్పుడు అదే రకం మాత్ర మామగారికీ రాశారు. ఇస్తున్నది చిట్టి. దిగుతున్న అడుగులు మాత్రం అత్తగారివి.

ఇదీ సంగతి. ఇంక కథలోకి.

మర్నాడు పొద్దున కోడలు దుకాణానికి వెళ్ళింది. ఆమె పనిచేసేది కళ్ళద్దాల దుకాణంలో. అద్దాన్ని ఫ్రేముకి సరిపోయేలా అంచు అరగదీయడం, చెవి మీద ఒరుసుకునే కాడని వేడిచేసి వంచడం, వదులైన స్క్రూలు బిగించడం ఆమె పని. ఆ పనిలో ఉన్నంతసేపూ తల వంచుకుని ఉండొచ్చు. అందుకే ఈ మధ్య ఆమెకి ఇంటికంటే దుకాణమే ఇష్టంగా ఉంది.

పదకొండు కావస్తుండగా ఒకావిడ కొత్త కళ్ళజోడు తీసుకోవడానికి వచ్చింది. పెద్దాసుపత్రిలో మందుల విభాగం చూసేది ఆవిడే. లావుపాటి మనిషి, గలగలా మాట్లాడుతుంది. కోడలు అద్దాలు తుడిచి ఆవిడ ముక్కు మీద కూర్చోబెట్టి, "వీధిలోకి చూసి ఏదైనా చదవండి మేడమ్" అంది. దూరపు చూపు సరిపోయిందో లేదో చూడటానికి ఆ దుకాణంలో అదే పద్ధతి. ఎదురుగా పండ్లబండి ఉంది. గుట్టగా పోసిన పండ్ల మీద అట్టముక్కలు గుచ్చి ఉన్నాయి.

"పంపరపనస" అని చదివింది ఆవిడ. "అబ్బ, ఎంత బాగా కనిపిస్తోందో! కింద ఇంగ్లీషులో గ్రేప్‌ఫ్రూట్ జాతి అని కూడా రాశాడే. చీమ తలకాయంత అక్షరాలు. పోనీలే, ఒక్కడైనా రాశాడు. ఈ పండు తినొద్దని చెప్పీ చెప్పీ మా నోళ్ళు పడిపోతున్నాయి."

కోడలు కాడలో స్క్రూ బిగిస్తూనే అడిగింది. "తింటే ఏమవుతుంది?"

"ఉత్తప్పుడు తింటే ఏమీ కాదు, బాగుంటుంది కూడా. కొన్ని రకాల మందులు వేసుకునేవాళ్ళకే చిక్కు. చూడమ్మా, మనం మింగిన మందంతా రక్తంలోకి పోదు. పేగు గోడలో కాపలావాళ్ళు ఉంటారనుకో. వచ్చినదాంట్లో చాలా భాగం అక్కడే విరిచి పారేస్తారు. ఎంత పోతుందో, ఎంత మిగులుతుందో లెక్కేసుకునే డాక్టర్లు మోతాదు రాస్తారు. ఈ పండులో ఉన్న సరుకు ఆ కాపలావాళ్ళ పీక నులిమేస్తుంది. ఇంక మందుకి అడ్డేముంది? ఉన్నదంతా లోపలికి. నువ్వు మింగేది ఒక్క మాత్రే. ఒంటికి తగిలేది నాలుగైదు మాత్రల దెబ్బ."

ఒక్క మాత్రే. ఆ మాట చెవిలో పడగానే కోడలి వేళ్ళు ఆగిపోయాయి.

"పొద్దున తాగి... రాత్రి మాత్ర వేసుకుంటే? మధ్యలో అంత ఎడం ఉంటే?"

"అందరూ అడిగేది అదే. కాపలావాడు పడుకుంటే లేస్తాడు. వాడు పోయాడుగా! కొత్తవాడు రావాలంటే ఒకటి రెండు రోజులు పడుతుంది. రోజూ తాగేవాళ్ళకి ఆ కొత్తవాడు వచ్చే సందెక్కడిది?"

"కొవ్వు మాత్రకి కూడానా మేడమ్?"

"అందులో కొన్ని రకాలకి ముందు చెప్పే జాగ్రత్త ఇదే. ఎవరైనా వేసుకుంటున్నారా ఇంట్లో?"

కోడలి గొంతులోంచి మాట తన్నుకుని వచ్చింది. "మరి... ద్రాక్ష?"

"ద్రాక్షా?" ఆవిడ పెద్దగా నవ్వింది. "ద్రాక్ష ఏం చేసింది పాపం? ఇంగ్లీషు పేరులో తప్ప వాటికి చుట్టరికం లేదు. ఇది కూడా ద్రాక్షలా గుత్తులుగా కాస్తుందని ఆ పేరు పెట్టారంటారు, అంతే."

స్క్రూ కోడలి వేళ్ళలోంచి జారి బల్ల కిందకి దొర్లిపోయింది. దాన్ని వెతికే నెపంతో ఆమె బల్ల కిందకి వంగి, అక్కడే చాలాసేపు ఉండిపోయింది.

ద్రాక్ష వద్దన్నారు. ఆ మాట అన్నది మామగారు.

ఆయన గురించి ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ అచ్చుయంత్రాల పక్కన కూర్చుని ప్రూఫులు దిద్దారాయన. ఉద్యోగం అయిపోయినా ఎర్రపెన్సిలు చెవి మీద నుంచి దిగలేదు. పెళ్ళి పిలుపులు దిద్దుతారు, దుకాణాల బోర్డులు దిద్దుతారు, ఎదుటివాళ్ళ మాటలు నోట్లో ఉండగానే దిద్దుతారు. ఇంగ్లీషు ముక్కని ఇంగ్లీషుగా వదిలేయడమంటే ఆయనకి ప్రాణసంకటం. ఆయన దగ్గర స్విచ్చిని మీట అనాలి. ఫ్యాన్ అని నోరుజారిన మనవణ్ణి మందలించారు. వాడు భయపడి పంకా అంటే, అది కూడా ఎరువు తెచ్చుకున్న మాటేనని మళ్ళీ మందలించారు. చివరికి వాడు వేలుపెట్టి పైకి చూపించడం నేర్చుకున్నాడు. ఇంట్లో అందరూ ఆయన్ని చాటుగా "దిద్దుబాటు" అనేవారు, అత్తగారు ఎదురుగానే అనేవారు.

అత్తగారిని చూసిన డాక్టరమ్మకి తెలుగు రాదు. అత్తగారికి ఇంగ్లీషు రాదు. మధ్యలో ఈయన కూర్చున్నారు. లోపల జాగా లేదని కోడల్ని బయట బల్ల మీద కూర్చోమన్నారు. బయటికి వస్తూనే ఆయన చెప్పిన మాట ఆమెకి ఇప్పటికీ గుర్తుంది. "పథ్యం ఒక్కటే. ద్రాక్ష వద్దన్నారు. ద్రాక్ష జాతివి ఏవీ వద్దన్నారు."

ఆ పథ్యం ఎంత నిష్ఠగా చేశారో చెబితే నవ్వొస్తుంది, నవ్వితే ఏడుపొస్తుంది. పెరట్లో అత్తగారు చేతులారా పెంచుకున్న ద్రాక్ష పందిరి ఉండేది. ఇంటికి వచ్చిన సాయంత్రమే మామగారు దాన్ని మొదలంటా నరికేశారు. కేకుముక్కలోంచి ఎండుద్రాక్షలు సూదితో ఏరి పారేసేవారు. ఆసుపత్రిలో పథ్యం సరిగ్గా చేయించారా అని అడిగితే, వద్దన్న పండు గడప తొక్కలేదని ఛాతీ మీద చెయ్యి వేసుకుని చెప్పారు. వాళ్ళూ సరే అనుకుని ఆ ప్రశ్న వదిలేశారు.

పందిరి పోయాక అత్తగారు చాలా రోజులు ముభావంగా ఉన్నారు. నోరంతా చేదుగా ఉందనీ, పుల్లగా ఏమైనా కావాలనీ అనేవారు. వంటింటి వెనక పంపరపనస చెట్టు విరగకాసి ఉంది. కోడలు రోజూ పొద్దున్నే ఒక కాయ కోసి, తొనలు విప్పి, రసం పిండి, గ్లాసుడు తీసుకెళ్ళి ఇచ్చేది. "ద్రాక్ష లేకపోతే పోయింది అత్తయ్యా, ఇది తాగండి. ఒంటికి మంచిది" అనేది. ఆవిడ తాగి, పెదాలు తుడుచుకుని, "నీ చేతి చలవ" అనేవారు.

బల్ల కింద చీకట్లో ఆ మాట మళ్ళీ వినిపించింది. నీ చేతి చలవ.

కోడలు స్క్రూ దొరకకుండానే లేచింది. వేరేది వేసి కళ్ళజోడు ఇచ్చేసి, తలనొప్పిగా ఉందని చెప్పి, ఎండలోనే ఇంటికి నడిచింది.

వీధి తలుపు తీసి ఉంది. వంటింట్లో కత్తిపీట చప్పుడు, చిట్టి పాట. కోడలు చెప్పులు విడిచి తిన్నగా మెట్లెక్కింది. మలుపు దగ్గరే వాసన తగిలింది. పంపరపనస తొక్క గిల్లితే వచ్చే ఘాటు వాసన. అత్తగారి గదిలోంచి వస్తోంది. ఇన్నాళ్ళూ ఆ వాసన ఆ గదికి పట్టేసి వదలడం లేదనుకుంది. మనిషి పోయినా వాసన పోలేదని భయపడి, పైకి రావడమే తగ్గించేసింది. వాసన పాతది కాదని ఈ రోజే అర్థమైంది.

మామగారు భార్య పడకకుర్చీలో కూర్చుని ఉన్నారు. ఎర్రపెన్సిలు చెవి మీద ఉంది. పక్కన కిటికీ గట్టు మీద సగం తాగిన గ్లాసు. కిటికీలోంచి చూస్తే పెరట్లో పందిరి ఇనప గొట్టాలు, వాటి మీద ఒక్క ఆకు లేదు. వాటి పక్కనే పంపరపనస చెట్టు పచ్చగా ఉంది.

"అప్పుడే వచ్చేశావేమ్మా?"

"మామయ్యగారూ, ఆ రోజు లోపల డాక్టరమ్మ ఏ మాటన్నారు?"

"ఏ రోజు?"

"మీరు అత్తయ్యని తీసుకుని లోపలికి వెళ్ళిన రోజు. నన్ను బయట కూర్చోమన్న రోజు."

"ద్రాక్ష వద్దన్నారు."

"అది మీ మాట. ఆవిడ నోటి వెంట వచ్చిన మాట ఏంటి?"

గద్దిస్తారనుకుంది. దిద్దుతారనుకుంది. ఆయన వాదిస్తే గట్టిగా ఏం చెప్పాలో దారిపొడుగునా కూడబలుక్కుంటూ వచ్చింది. ఆయన వాదించలేదు.

"గ్రేప్‌ఫ్రూట్ అంది" అన్నారు.

ఆయన నోట ఇంగ్లీషు మాటని ఇంగ్లీషుగా వినడం ఆమెకి అదే మొదలు. దానికి తెలుగు వెతకలేదు, మధ్యలో ఆగలేదు. చాలాసార్లు లోలోపల అనుకుని అనుకుని అరిగిపోయిన మాటలా బయటికి వచ్చింది.

"మీకు తెలుసు" అంది.

ఆయన కిటికీ వైపు తిరిగారు.

"ఎప్పట్నించి తెలుసు?"

"మీ దుకాణం ఎదురుగా బండి ఉందిగా. దాని మీద అట్ట చదివాను. తప్పు రాశాడనుకున్నాను. దిద్దుకోవయ్యా, పంపరపనసకి ద్రాక్షకి సంబంధమేంటి అన్నాను. వాడు నవ్వి, ద్రాక్ష అని ఎవరన్నారండీ, గ్రేప్‌ఫ్రూట్ అంటే ఇదిగో ఇలాంటిదే, దీని పిల్లే అన్నాడు. ఒక కాయ నా చేతిలో పెట్టాడు కూడా. నేను దాన్ని పట్టుకుని..." ఆయన అరచేతులకేసి చూసుకున్నారు. "ఎలా ఇంటికొచ్చానో తెలీదు."

"ఎప్పుడు?"

"చలి మొదలైనప్పుడు."

నెత్తి మీద ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. కోడలు దాన్ని చూసింది. చలి వచ్చింది, చలి పోయింది, దుప్పట్లు ఉతికి పైన పెట్టేసింది, ఫ్యాను రెక్కలు తుడిచింది. అన్నాళ్ళూ ఈ మనిషి ఆమె వండింది తింటూ, ఆమె ఎదురుగా కూర్చుని ఉన్నారు.

ఆమెకి కోపం వచ్చింది. పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో అంత కోపం ఎప్పుడూ రాలేదు.

"నన్ను ఒక్కటమ్మ అన్నారు. మీరు విన్నారు. చిట్టి నా ముందే డబ్బాకి తాళం వేసింది. చూశారు. మీ అబ్బాయి నా చేతి మంచినీళ్ళు కూడా తాగడం మానేసి, తనే ముంచుకుంటున్నారు. అది కూడా చూశారు. నేనే మతిమరుపుతో రెండు ఇచ్చానేమోనని, నిద్రలో కూడా మాత్రలు లెక్కపెట్టుకుంటున్నాను మామయ్యగారూ! నా చేతుల్ని నేనే నమ్మడం మానేశాను!"

"ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో నీకు తెలీదమ్మా. పత్రికలో అక్షరం తప్పు పోతే మర్నాడు సవరణ వేసేవాళ్ళం. దీనికి సవరణ ఎక్కడ వెయ్యను?"

"భోజనాల బల్ల దగ్గర. అందరూ కూర్చున్నప్పుడు. ఒక్క మాట అంటే సరిపోయేది."

ఆయన తల వంచుకున్నారు. చెవి మీది పెన్సిలు జారి ఒళ్ళో పడింది. తీసి మళ్ళీ పెట్టుకోలేదు.

కోడలి చూపు అప్పుడు కిటికీ గట్టు మీది గ్లాసు మీద పడింది. అప్పటిదాకా తన గోడులో పడి దాన్ని చూసీ చూడనట్టే ఉంది. గ్లాసు అంచున తొన గుజ్జు ఇంకా తడిగా ఉంది. ఆమెకి మెట్ల మీది అడుగులు గుర్తొచ్చాయి. గోడ మీద అరచెయ్యి గుర్తొచ్చింది.

"ఇది మీరు తాగుతున్నారా?"

ఆయన గ్లాసుని తన వైపు జరుపుకున్నారు.

"తెలిసే తాగుతున్నారా?"

"మీ అత్తయ్య మెట్లు దిగడానికి అంతసేపు పడుతుంటే నేను కింద నిలబడి విసుక్కునేవాణ్ణి. త్వరగా దిగవేం, పిల్లవేషాలా అనేవాణ్ణి. ఎలా ఉండేదో, ఎంత నొప్పెట్టేదో తెలుసుకోవాలనిపించింది. తెలిసింది. తెలిశాక ఇంక ఆపాలనిపించలేదు."

"మీ డాక్టరు చెప్పలేదా?"

"చెప్పకేం! ఈయన తెలుగువాడే. పంపరపనస ముట్టుకోవద్దని ముచ్చటగా మూడుసార్లు చెప్పాడు. బయటికి వచ్చి, పథ్యం ఏమీ లేదన్నాను. నన్నెవరు దిద్దుతారు?"

కోడలు ఆ గ్లాసు తీసి దూరంగా పెట్టింది. అప్పుడు ఇంకో సంగతి తట్టింది. ఆయన వేళ్ళు వాతంతో వంకర్లు తిరిగిపోయాయి, నిమ్మచెక్క కూడా పిండలేరు.

"ఎవరు పిండి ఇస్తున్నారు మీకు?"

ఆయన కళ్ళు తలుపు వైపు వెళ్ళాయి. కింద వంటింట్లోంచి పాట వినిపిస్తూనే ఉంది.

"దానికి చెప్పొద్దమ్మా" అన్నారు. చేతులు రెండూ దగ్గరికి తెచ్చారు, దండం పెట్టినంత పని చేశారు. "నీ మీద పడ్డ మాట నేను తుడిచేస్తాను. తప్పు నాది, నా నోటిది అని మీ ఆయనకి చెప్తాను, ఈ రోజే చెప్తాను. కానీ నాకూ చేటు చేస్తున్నది ఈ రసమేనని మాత్రం దానికి తెలియకూడదు. అమ్మకి ఇష్టమైంది నాన్నకీ ఇష్టమని ఎంత సంబరంగా ఇస్తోందో. దాని కాపురం పోయింది, తల్లి పోయింది. తన చేత్తోనే తండ్రికి... తెలిస్తే అది ఏమైపోతుంది?"

"నేను ఏమైపోయానో అదే అవుతుంది" అంది కోడలు.

అబద్ధం ఎందుకు, అన్న క్షణంలో ఆమెకి సంతోషం కలిగింది. తాళంచెవి మెడలో వేసుకుని ఏడాదిపాటు తన ముందు తిరిగిన మనిషి, తను చేసిన పనే, అదే చెట్టు కాయతో, అదే గ్లాసుతో చేస్తోంది. కిందకి వెళ్ళి ఒక్క మాట చెబితే చాలు. ఆ మాట కోసం ఆమె నాలుక దురద పెట్టింది. ఆ దురద చూసి తనకే తన మీద అసహ్యం వేసింది. ఆ బరువు ఎంతుంటుందో ఆ ఇంట్లో ఆమె ఒక్కతికే తెలుసు.

"ముందు లేవండి. ఆసుపత్రికి పోదాం. మూత్రం ఏ రంగులో వస్తోంది?"

మామగారు మళ్ళీ కిటికీ వైపు తిరిగిపోయారు.

"మిమ్మల్నే అడుగుతున్నాను. ఏ రంగులో వస్తోంది?"

కింద పాట ఆగింది. మెట్ల మీద అడుగులు. టకటకా, తేలిగ్గా, ఆరోగ్యంగా ఉన్న మనిషి అడుగులు. మామగారు గభాలున వేలు పెదాల మీద పెట్టుకుని కోడలి కళ్ళలోకి చూశారు. ఎవరి మాటా ఎప్పుడూ వదలకుండా దిద్దిన మనిషి, మాట్లాడొద్దని బతిమాలుతున్నారు.

"నాన్నా, పొద్దున సగమే తాగావుగా, ఇంకోటి తెచ్చా. ఈ కాయ భలే తియ్యగా ఉంది..." చిట్టి గుమ్మంలో ఆగిపోయింది. చేతిలో నిండు గ్లాసు. మెడలో గొలుసుకి తాళంచెవి. "నువ్వేంటి వదినా, ఈ వేళప్పుడు? దుకాణం లేదా?"

కోడలు రెండడుగులు వేసి, చిట్టి చేతిలోంచి గ్లాసు తీసుకుని, గటగటా తాగేసింది. ముందు తీపి తగిలింది, తరవాత పులుపు, ఆఖర్న చేదు. అత్తగారు పోయాక ఆమె ఆ రుచి చూడలేదు. గొంతు దిగుతుంటే ఆవిడ పెదాలు తుడుచుకోవడం కళ్ళముందు కదిలింది.

"అదేంటి! నాన్నకి తెస్తే నువ్వు తాగేస్తావేం?"

"దాహమేసింది."

"దాహమేస్తే కింద నీళ్ళు లేవూ? అమ్మ విషయంలో చేసింది చాల్లేదా, ఇప్పుడు నాన్న నోటికాడిది కూడా..."

"ఊరుకో చిట్టీ!" అంటూ మామగారు లేవబోయారు.

చేతులు కుర్చీని నొక్కాయి. ఒళ్ళు ముందుకి వచ్చింది. కాళ్ళు మాత్రం రాలేదు. సగం లేచి, ఆశ్చర్యంగా తన మోకాళ్ళకేసి చూసుకుని, అలాగే జారి నేల మీద కూలబడిపోయారు. ఆడవాళ్ళిద్దరూ చెరోవైపు నుంచి పట్టుకునేసరికే ఆయన తెల్ల పైజమా తడిసిపోయింది. తడి నల్ల కాఫీ రంగులో ఉంది.

చిట్టి ఆ రంగు వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ రంగు ఆమెకి తెలుసు. తల్లి పక్కబట్టలు ఉతికింది తనే. చెయ్యి తనంతట తనే వెళ్ళి మెడలో తాళంచెవిని పట్టుకుంది.

"వదినా" అంది. ఆ గొంతు కోడలికి తెలుసు. ఆసుపత్రి వరండాలో అందరి ముందూ అరిగిపోయిన తన సొంత గొంతే అది. "నేను ఒక్కటే ఇచ్చాను వదినా. ఒట్టు. ఒక్కటే."

నేల మీద నుంచి మామగారు కళ్ళతోనే వద్దు వద్దు అంటున్నారు. కోడలి నోట్లో చేదు ఇంకా పోలేదు. ఖాళీ గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది.

"నువ్వైనా నమ్ముతావా వదినా?"